జటాయువు పటం అమ్మిన కథ

మా పశ్చిమ ప్రకాశం వైపు పాత మిద్దెల్లో, దూలాల కిందుగా, ముందుకు వాల్చి కట్టిన పటాల వరుస ఒకటి ఉంటుంది. చాలా ఇళ్ళలో అవి దేవుడి పటాలు, లేకపోతే పోయినవాళ్ళ ఫోటోలు. మార్కాపురంలో మా అత్తగారింట్లో అలాంటివి పదకొండు ఉండేవి. అన్నీ మా మామగారి నాయన కొన్నవే. ఆయన పలకల వ్యాపారి. రాతి పలకలు చట్రాలు బిగించి ఊళ్ళకు పంపేవారు. సరుకుతో తిరిగేవాళ్ళ చేత పటాలు తెప్పించుకోవడం ఆయన సరదా. ఇంట్లో అందరూ వాటిని "నాయన పటాలు" అనేవాళ్ళు.

ఆ రోజుల్లో ఇంత రంగుల బొమ్మలు మారుమూల ఊళ్ళకు ఎలా వచ్చాయా అనిపిస్తుంది కదండీ. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. రాజా రవివర్మ (1848-1906) గీసిన తైలవర్ణ చిత్రాలు రాజుల ఇళ్ళలోనే ఉండేవి. వాటిని అచ్చు వేయిస్తే మామూలు జనానికి కూడా అందుతాయని దివాన్ టి. మాధవరావు సలహా ఇచ్చారు. 1894లో బొంబాయిలో ప్రెస్ మొదలైంది. యంత్రాలు జర్మనీ నుంచి వచ్చాయి. తర్వాత ప్రెస్సును లోనావళా దగ్గర మళవలికి మార్చారు. అప్పులు పెరిగి, 1900ల మొదట్లో రవివర్మ దాన్ని ష్లైకర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మేశారు. అమ్మిన తర్వాత కూడా అచ్చులు ఆగలేదు. లక్ష్మి, సరస్వతి, శకుంతల, దమయంతి, ఇలా ఇంటింటికీ చేరారు. ఈరోజు మనం కళ్ళు మూసుకుంటే కనిపించే లక్ష్మీదేవి ముఖం చాలావరకు ఆ ప్రెస్సు ఇచ్చిందే.

మా ఇంటి పదకొండింటిలో పది అలాంటి అచ్చులే. వాటికి ఓలియోగ్రాఫ్ అని పేరు. రాతి మీద ఒక్కొక్క రంగూ విడిగా అచ్చు వేసి, పైన వార్నిష్ పూసి, నూనె రంగుల చిత్రంలా కనిపించేలా చేస్తారు. పలకలు అమ్మే ఇంటికి రాతి అచ్చు బొమ్మలు వచ్చాయన్నమాట!

పదకొండోది మాత్రం వేరు. అది అచ్చు కాదు, నిజంగానే గుడ్డ మీద నూనె రంగులతో చేత్తో వేసింది. రావణుడు కత్తి ఎత్తి జటాయువు రెక్క నరుకుతుంటే, సీతమ్మ ముఖం కప్పుకునే ఘట్టం. రవివర్మ బొమ్మ చూసి ఎవరో ఊరి చిత్రకారుడు వేసిన నకలు. సంతకం లేదు. వెనక పక్క నల్ల సిరాతో "1931, మార్కాపురం, కర్నూలు జిల్లా" అని మాత్రం ఉంది. చిన్నవాళ్ళకు ఆ కర్నూలు జిల్లా ఏమిటో అర్థం కాలేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. పటం గోడ మీద నుంచి కదలకుండానే జిల్లా మారింది.

ఈ పటమంటే ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఇంట్లో ఏడుపు బొమ్మ ఉండకూడదనేది మా జేజి మాట. పటం వచ్చిన ఏడే ఆమెకు ఒక పసిబిడ్డ జ్వరంతో పోయాడట. తాతకు ఎదురు చెప్పలేక, దాన్ని వడ్లు పోసే గదిలోకి మార్పించింది. అక్కడా రావణుడి ముఖం గోడ వైపే. మా అత్తగారు వచ్చాక కూడా అంతే. నేను కాపురానికి వచ్చిన ఏడేళ్ళకు గానీ దాని ముందు పక్క చూడలేదు.

మిద్దె కూల్చి కొత్త ఇల్లు కట్టాలని నిర్ణయమైనప్పుడు పటాలు దించాం. పది అచ్చులనూ ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరు అడిగి తీసుకున్నారు. జటాయువును ఎవరూ అడగలేదు. అమ్మేద్దాం అనగానే మాత్రం అందరూ దగ్గరికి వచ్చారు. దానికి కారణం మా మరిది. 2023లో ముంబయి వేలంలో రవివర్మ గీసిన యశోదా కృష్ణుల చిత్రం సుమారు 38 కోట్లకు పోయిందని ఆయన ఫోనులో చూపించాడు. రెండు రోజులు ఇంట్లో వేరే మాట లేదు.

అసలు ఏది అచ్చో, ఏది చేత్తో వేసిందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. భూతద్దం పెట్టి చూస్తే అచ్చులో రంగు సన్నటి చుక్కలుగా, గరుకుగా విడిపోతుంది. కొన్నిటికి కింద అంచున ప్రెస్సు పేరు ఉంటుంది. చేత్తో వేసినదానికి పక్క నుంచి టార్చి వేస్తే కుంచె గీతలు మిట్టపల్లాలుగా కనిపిస్తాయి. వెనక నేత గుడ్డ, చెక్కకు కొట్టిన మేకులు ఉంటాయి. దుమ్ము ఉందని తడిగుడ్డతో మాత్రం తుడవకండి. పెళుసుబారిన రంగు పెచ్చులుగా లేస్తుంది. మెత్తటి పొడి కుంచెతో దులిపితే చాలు.

చట్టం సంగతి కూడా కనుక్కున్నాం. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చిత్రం పురావస్తువు కిందికి వస్తుంది. నమోదు చేయించాలి, చేతులు మారితే తెలపాలి, దేశం దాటించకూడదు. రవివర్మ అసలు చిత్రాలు కళాఖండాల జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటినీ బయటి దేశాలకు పంపడానికి లేదు. మాది 1931 నాటిది, పైగా నకలు. అందుకే ఆ చిక్కు లేదు. 38 కోట్ల ఆశా లేదు.

కొన్నాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఊరి చిత్రకారుల పాత బొమ్మలు పోగుచేస్తారు. పటాన్ని వాకిట్లో ఎండకు ఎదురుగా పెట్టించుకుని చాలాసేపు చూశారు. "రావణుడు నకలే గానీ, కింద ఆ కొండలు చూడమ్మా, అవి నకలు కాదు" అన్నారు. నిజమే. ఎర్రమట్టి, గోధుమ రంగు గట్లు, వెనక నీలంగా నల్లమల. ఆ చిత్రకారుడు తనకు తెలిసిన కొండల మీదే జటాయువును పడేశాడు. ఇరవై అయిదు వేలు ఇచ్చారు.

ఆ డబ్బు దగ్గరే అసలు సమస్య వచ్చింది. తాతకు ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. 1979లో భాగాలు పంచినప్పుడు కొడుకులకే పంచారు. తండ్రి వాటాలో కూతుళ్ళకూ భాగం ఉందని 1956 చట్టమే చెప్పినా, మాకేమీ వద్దని ముగ్గురి చేతా సంతకాలు పెట్టించారు. అప్పట్లో చాలా ఇళ్ళలో జరిగింది అదే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అదీ అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకే. మా మేనత్తలు ముగ్గురికీ అప్పటికే పెళ్ళిళ్ళయిపోయాయి.

ఆ భాగపరిష్కార పత్రంలో పొలాలు, మిద్దె, ఎద్దులు, గంగాళాలు అన్నీ ఉన్నాయి. పటాలు లేవు. పంచని వస్తువు కాబట్టి అయిదు వాటాలు వేయాలని మా అత్తగారు అన్నారు. "ఈ చిన్నదానికి కూడానా వదినా" అని చిన్నమామగారు నవ్వారు. "చిన్నది కాబట్టే అంటున్నా అబ్బాయా. పెద్దవాటికి అనలేకపోయాం" అన్నారు ఆవిడ. మామగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి అయిదు కవర్లు తెచ్చారు.

పెద్ద మేనత్తకు ఎనభై దాటాయి, గిద్దలూరులో ఉంటారు. అయిదు వేల కవరు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె నోట్లు లెక్కపెట్టలేదు. "చీర కాదు, సారె కాదు, మా నాయన సొమ్ములో భాగమని ఇయ్యడం ఇదే మొదలు పాపా" అన్నారు. ఆ సాయంత్రమే బ్యాంకులో వేయించమని మనవడికి చెప్పారు.

ఇంటికి వచ్చాక మిగిలిన పది పటాల పేర్లు, ఏది ఎవరి దగ్గర ఉందో, ఒక పుస్తకంలో రాసి పెట్టాను. మీ ఇళ్ళలోనూ దూలాల కింద ఇలాంటివి ఉంటే, దించే ముందు వెనక పక్క ఏమి రాసి ఉందో ఒకసారి చూసి, ఫోటో తీసి పెట్టుకోండి. కాగితం మీదకు ఎక్కని వస్తువులు ఇంట్లో ఇంకా ఏమున్నాయో కూడా ఆలోచించండి.