పరిశోధక విద్యార్థి వేతనములు: ఐరోపాలోను, తెలుగునాటను

మంజీరానదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ నిలిచిన నిజాంసాగరము బాన్సువాడ ప్రాంతపు పంటలకు ఆధారము. 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన ఈ జలాశయము 2,75,000 ఎకరములకు నీరందించు సంకల్పముతో నిర్మింపబడినది. కాలువగట్టున నిలిచి చూచువారికి నీరు కనబడును, తూము కనబడును. అయితే కట్టకు పునాది త్రవ్వుటకు పాతికేండ్లకు పైగా పూర్వమే ఒక యువకుని చదువునకై వ్యయమైన ధనము మాత్రము ఎవరికిని కనబడదు.

ఆ యువకుడు మీర్ అహ్మద్ అలీ. తరువాతి కాలమున నవాబు అలీ నవాజ్ జంగుగా ప్రసిద్ధికెక్కిన ఇంజనీరు ఆయనయే. 1877లో జన్మించిన ఆయన 1896లో హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనముపై ఇంగ్లండునకు పోయి, కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగు కళాశాలలో చదివిరి. మరలివచ్చి ప్రజాపనుల శాఖలో చేరి, క్రమముగా ప్రధాన ఇంజనీరు పదవినందిరి. నిజాంసాగరము ఆయన సారథ్యమున వెలసినది. ఆయన జన్మదినమైన జూలై 11వ తేదీని 2014 నుండి తెలంగాణ రాష్ట్రము ఇంజనీర్ల దినముగా పాటించుచున్నది.

ప్రజలు చెల్లించిన పన్నుల నుండి ఒక్కని చదువునకు అంత ధనము వెచ్చించుట న్యాయమా యని గ్రామస్థుడు ప్రశ్నించిన, ఆ ప్రశ్న తప్పు కాదు. చదవేస్తే ఉన్న మతి పోయినదను సామెత ఊరకే పుట్టలేదు. చదివినవాడు తన విద్యను దాచుకొనిన, లేక దానికి తగిన పని దొరకక పరదేశముననే నిలిచిపోయిన, ఆ ధనము వ్యర్థమైనట్లే కదా! కాని కూపర్స్ హిల్ కళాశాలను హిందూదేశపు ప్రజాపనులకు ఇంజనీర్లను తయారుచేయుటకే స్థాపించిరి. అచట పాఠమునకును పనికిని నడుమ దారి ముందే వేయబడినది. ఆ దారి ఉన్నచోట విద్యకు పెట్టిన ధనము ఫలించినది, లేనిచోట ఎండినది. ఐరోపా దేశములు గడచిన రెండువందల యేండ్లలో నేర్చిన పాఠమును తెలిసికొనుటకు ఈ యొక్క విషయమును గుర్తుంచుకొనిన చాలును.

ఈ దారిని స్పష్టముగా చూపినది జర్మనీ దేశము. 1824లో లీబిగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గీసెన్ నగరపు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, విద్యార్థులు తమ చేతులతో ప్రయోగములు చేయు పద్ధతిని నెలకొల్పెను. అంతకు పూర్వము అనేకచోట్ల గురువు ప్రయోగము చేయుచుండ శిష్యులు చూచుచుండెడివారు. ఇట్టి ప్రయోగశాలలలో పరిశోధన చేసి డాక్టరేటు పొందిన యువకులు క్రమముగా కర్మాగారములలో ప్రవేశించిరి. 1863, 1865 సంవత్సరములలో స్థాపింపబడిన బేయర్, హోఖ్‌స్ట్, బి.ఎ.ఎస్.ఎఫ్. అను రంగుల కంపెనీలు శాస్త్రజ్ఞులను జీతమిచ్చి పెట్టుకొని, విశ్వవిద్యాలయములతో ఎడతెగని సంబంధము ఉంచుకొనినవి.

దాని ఫలితమును తెలుగు రైతు అనుభవింపవలసివచ్చినది. ఆనాడు కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాలలో నీలిచెట్లను విస్తారముగా పండించి, తొట్లలో నానవేసి, నీలిమందు తీసి విదేశములకు పంపుచుండిరి. జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అను ఆచార్యుడు 1880లో నీలిమందును ప్రయోగశాలలో తయారుచేసెను. 1890లో జూరిచ్ నగరమందలి హాయిమాన్ మరియొక మార్గము కనుగొనెను. బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ ఆ విద్యను పెద్దయెత్తున సాగించి 1897లో కృత్రిమ నీలిమందును విపణిలోనికి తెచ్చినది. మొదటి ప్రపంచ యుద్ధము నాటికి హిందూదేశపు నీలివ్యాపారము చాలవరకు కూలినది. నీలితొట్లు పాడుపడినవి. ఎన్నడును చూడని విశ్వవిద్యాలయమునకును, పేరైన వినని కర్మాగారమునకును కలిగిన స్నేహము ఇక్కడి రైతు బ్రతుకును మార్చివేసినది. ఈ సంగతులు పట్టణవాసులకే సంబంధించినవని తలచుట పొరపాటు.

మరి ఇట్టి చదువునకు ధనము సమకూర్చువారెవరు? ఇంగ్లండు దేశమున ఒక ప్రదర్శనపు మిగులుధనము ఇందుకు ఉపయోగపడినది. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనలో ఖర్చులు పోగా సుమారు 1,86,000 పౌనులు మిగిలెను. ఆ నిధిని పాలించు సంఘము 1891 నుండి విజ్ఞాన పరిశోధనకై విద్యార్థి వేతనములు ఇచ్చుచు వచ్చినది. న్యూజిలాండులోని సామాన్య కుటుంబమున పుట్టిన రూథర్‌ఫర్డ్ 1895లో ఈ వేతనముతోనే కేంబ్రిడ్జి చేరి, తరువాత పరమాణు రహస్యమును లోకమునకు తెలిపెను.

తెలుగునాట ధర్మసంస్థలు ఈ పనికి పూనుకొనిన ఉదాహరణము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా ప్రయాణమునకు పూనుకొనినపుడు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము చేయుదునని మాట ఇచ్చినది. మామగారు కొంత ధనము కూర్చిరి. సుబ్బారావు గారు 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, 1940లో లెడర్లీ అను మందుల కంపెనీలో చేరిరి. అచట ఆయన నాయకత్వమున సాగిన పరిశోధనల నుండి బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్ మందు వెలువడినది. నేడు గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తెచ్చి యిచ్చు డి.ఇ.సి. మాత్ర అదియే. విశ్వవిద్యాలయమున నేర్చిన విద్య కర్మాగారము ద్వారమున వెలుపలికి వచ్చి, తిరిగి పుట్టిన గడ్డకు చేరినది.

ఇట్టి మేలు దైవవశమున ఒకరిద్దరికి లభించుట చాలదనియు, దానికొక ఏర్పాటు ఉండవలెననియు ఐరోపా ప్రభుత్వములు గ్రహించినవి. డెన్మార్కు 1970వ దశకపు ఆరంభముననే పరిశ్రమలలో పరిశోధకులకు శిక్షణ నిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టినది. ఫ్రాన్సు దేశమున 1981లో మొదలైన ఏర్పాటు ప్రకారము, కంపెనీ పరిశోధక విద్యార్థిని మూడు సంవత్సరములకు ఉద్యోగిగా తీసికొనును. ప్రభుత్వము ఆ కంపెనీకి ఏటేట నియమిత ధనమిచ్చును. విశ్వవిద్యాలయపు ప్రయోగశాల పరిశోధనకు మార్గదర్శనము చేయును. జీతము నిచ్చువాడు, ధనసహాయము చేయువాడు, విద్య గరపువాడు ముగ్గురును ఒకే విద్యార్థి విషయమున బాధ్యులగుట ఇందలి విశేషము.

1957నాటి రోము సంధితో ఒక ఆర్థిక సమాజముగా ఏర్పడిన దేశములు 1984 నుండి పరిశోధనకు ఉమ్మడి ప్రణాళికలు వేసికొనినవి. వానిలో భాగముగా 1996లో మేరీ క్యూరీ పేర పరిశోధక వేతనముల పథకము వెలసినది. ఆ పేరు మిక్కిలి తగినది. రష్యా పాలనలోనున్న వార్సా నగరమున స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేనందున ఆమె 1891లో పారిస్ చేరి పేదరికముతో పోరాడుచు చదివెను. రేడియమును వేరుచేయుటకు టన్నులకొలది ఖనిజమును శుద్ధిచేయవలసివచ్చినపుడు ఒక రసాయన కంపెనీ తన కర్మాగారమున తొలి దశల పనిచేసి సహాయపడినది. 1903లో డాక్టరేటును, అదే సంవత్సరము నోబెల్ బహుమతిని, 1911లో రెండవ నోబెల్ బహుమతిని ఆమె పొందెను. పరదేశమున చదువు, పరిశ్రమతో పొత్తు అను రెండును ఆమె జీవితమున కలవు. 2014లో పథకమునకు ఆమె పుట్టింటి పేరును గూడ చేర్చి మేరీ స్క్లొదొవ్‌స్కా క్యూరీ పథకమనిరి.

2014 నుండి 2020 వరకు ఈ పథకమునకు సుమారు 616 కోట్ల యూరోలును, 2021 నుండి 2027 వరకు సుమారు 660 కోట్ల యూరోలును కేటాయించిరి. డాక్టరేటు శిక్షణకు మూడు వేర్వేరు దేశముల సంస్థలు, తక్కువలో తక్కువ మూడు, ఒక కూటమిగా ఏర్పడవలెను. విద్యార్థికి ఉపకారవేతనము నిచ్చి ఊరకుండక, ఉద్యోగపత్రము వ్రాసియిచ్చి, జీతముతో పాటు స్థలము మారినందుకు, కుటుంబమున్నందుకు వేరుగా భత్యము లిత్తురు. ఏ దేశమున చేరునో ఆ దేశమున గడచిన మూడేండ్లలో పండ్రెండు నెలలకు మించి నివసించియుండరాదని ఒక నియమము. కొత్త చోటును, కొత్త మనుష్యులను ఎరుగవలెనని దాని యుద్దేశము. పరిశ్రమతో ముడిపడిన డాక్టరేటులో విద్యార్థి కనీసము సగము కాలము విశ్వవిద్యాలయమునకు వెలుపల, కర్మాగారములోనో కంపెనీ ప్రయోగశాలలోనో గడపవలెను. ఏ దేశస్థుడైనను దరఖాస్తు చేయవచ్చును. భారతీయ విద్యార్థులు అనేకులు ఈ వేతనములు పొందిరి.

హైదరాబాదు రాజ్యమునను ఈ ఆలోచన లేకపోలేదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము, 1929లో పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చు నిధి, 1937లో బోధను చక్కెర కర్మాగారము, 1944లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధనకు కేంద్ర ప్రయోగశాల ఏర్పడినవి. జర్మనీలోని హైడెల్‌బర్గున డాక్టరేటు పొందిన సయ్యద్ హుస్సేన్ జహీర్ గారు ఈ ప్రయోగశాలకు అధిపతియై దానిని పెంచిరి. 1956లో అది కేంద్ర ప్రభుత్వపు పరిశోధన మండలిలో చేరి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేరు పొందినది. ఎయిడ్సు వ్యాధికి వాడు జిడోవుడిన్ మందును చవుకగా చేయు విధానమును ఎ.వి. రామారావు గారి నాయకత్వమున ఈ సంస్థ రూపొందించి సిప్లా కంపెనీకి అందించినది. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో 1969లో డాక్టరేటు పొందిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో హైదరాబాదున డాక్టర్ రెడ్డీస్ కంపెనీని స్థాపించిరి. 2012లో భారత ప్రభుత్వమును, పారిశ్రామిక సమాఖ్యయు కలిసి, సగము ప్రభుత్వము సగము కంపెనీ భరించు డాక్టరేటు వేతనములను ప్రధానమంత్రి పేర ఆరంభించినవి.

అయినను ఏర్పాట్లు శాశ్వతములు కావని బోధను కథ హెచ్చరించుచున్నది. నిజాంసాగరపు నీరు చెరకును పండించినది, చెరకు కర్మాగారమును పోషించినది, రుద్రూరులో చెరకునకు వరికి పరిశోధన కేంద్రము వెలసినది. పొలము, పరిశోధన, పరిశ్రమ మూడును ఒకే ఆయకట్టు క్రింద ఉండిన ప్రదేశములు దేశమున అరుదు. 2002లో కర్మాగారమున అధికభాగము ప్రైవేటు చేతులకు పోయినది. 2015 డిసెంబరులో గానుగ ఆగినది. చెరకు వేసిన రైతులు అనేకులు వరికి మరలిరి. రుద్రూరు శాస్త్రజ్ఞుడు మేలైన చెరకు రకమును కనిపెట్టినను, దగ్గరలో దానిని ఆడు కర్మాగారము లేనిచో రైతు దానిని నాటడు. మూడు కాళ్ళ పీటకు ఒక కాలు విరిగిన, తక్కిన రెండు కాళ్ళు ఎంత గట్టివైనను అది నిలువదు.

వేరొక జాగ్రత్తయు అవసరము. ధనమిచ్చు కంపెనీ తనకు లాభమైన ప్రశ్నలనే అడిగించును, దొరికిన సమాధానమును దాచుకొనగోరును. బోదకాలు వంటి పేదల రోగములకు, మెట్టపంటలకు అట్టి ధనము సులభముగా రాదు. ఐరోపా పథకమున ప్రజాధనమును కలుపుటకును, ఫలితములను అందరికి తెలియునట్లు ప్రకటింపవలెనను నియమమునకును కారణమిదియే. కంపెనీ యొక్క వేగము కావలెను. విశ్వవిద్యాలయపు స్వాతంత్ర్యమును కావలెను. ఒకటి రెండవదానిని మ్రింగరాదు.

1896నాటి వేతనము ఫలించుటకు 35 సంవత్సరములు పట్టినది. ఆ వేతనము మంజూరు చేసినవారిలో ఎందరు నిజాంసాగరపు నీటిని కన్నులారా చూచిరో చెప్పలేము. నేడు బాన్సువాడ గ్రంథాలయపు బల్లవద్ద రసాయనశాస్త్రమో, వ్యవసాయశాస్త్రమో చదువుకొను బాలుడుగాని బాలికగాని యిట్టి వేతనము లున్నవని ఎరిగిన చాలును, సగము దారి నడచినట్లే. ఆ సమాచారమును సకాలమున వారి కందజేయుట గ్రంథాలయపు పని. చదివి వచ్చినవారికి పొలములోను పరిశ్రమలోను పని చూపుట సమాజపు పని. రెండవ పని జరుగనిచో మొదటిది పరదేశముల కాలువలనే నింపును.