వేటవనము నుండి ప్రజావనమునకు
కంగ్టి ప్రాంత సోదరులకు ఒక విన్నపము

మన సంఘ మహాసభ సంచికలయందు వంశచరిత్రలు, దాతల జీవితములు, విద్యాభివృద్ధికి వలయు యత్నములు ప్రకటింపబడుట పరిపాటి. ఈ యేడు మేము వేరొక విషయము నెత్తుకొనుచున్నాము. నారాయణఖేడు ప్రాంతమున, విశేషించి కంగ్టి చుట్టుపట్ల పల్లెలలో, మన కుఱ్ఱవాండ్రు అడుగు ప్రశ్న యొకటి కలదు. “గుట్ట సర్కారుది, సర్కారు ప్రజలది. తాతలు వేటాడిన గుట్టపై మనుమలేల వేటాడరాదు?” అని. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. సమాధానము తెలియక చేసిన పనికి చెఱసాల ప్రాప్తించును; ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. కావున ఈ విషయపు చరిత్రమును మొదటినుండి కొంత పరామర్శించి, మాకు తోచిన సమాధానమును పెద్దల యెదుట నుంచుచున్నాము.

వేటను నిషేధించుట నిన్న మొన్న పుట్టిన యాలోచన యని కొందఱు తలంతురు. అది పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండు తెఱగుల మృగవనములు చెప్పబడినవి. ఒకటి రాజు విహారమునకై కందకము త్రవ్వించి, ఒకే ద్వారము పెట్టించి, గోళ్ళు కోఱలు తీసిన మృగముల నుంచినది. రెండవది రాజ్యపు సరిహద్దున సకల మృగములను అతిథులుగా నెంచి విడిచినది. అభయమిచ్చిన వనమున మృగములను చంపినవానికి దండన విధింపబడినది. ఈ రెండు వనముల భేదమును పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక. ఇంచుమించు రెండువేల యేండ్ల తరువాత మన జిల్లాలో జరిగిన మార్పంతయు మొదటి వనము రెండవ వనముగా మాఱుటయే.

అశోక చక్రవర్తి తన శాసనములలో రాజుల విహారయాత్రలను, అనగా వేట మొదలగు వినోదములను విడిచి ధర్మయాత్రలు చేపట్టితినని చెప్పుకొనెను. ఈ శాసనములు ఎక్కడనో ఉత్తరదేశమున మాత్రమే యున్నవని యనుకొనరాదు. కర్నూలు ప్రాంతమున ఎఱ్ఱగుడి కొండఱాళ్ళపై ఆతని పెద్ద శిలాశాసనములు చెక్కబడి యున్నవి. పట్టాభిషేకమైన 26 యేండ్లకు చంపరాని పక్షులను, మృగములను పేరు పేరున లెక్కించి మఱొక శాసనము వేయించెను.

కాళిదాసుని శాకుంతల నాటకపు ఆరంభమును ఎఱుగని వారుండరు. లేడిని తఱుముచు వచ్చిన దుష్యంతుని, అది ఆశ్రమమృగమని తపస్వులు వారింతురు. సమస్త భూమికిని ప్రభువైన ఆ రాజు ఎక్కుపెట్టిన బాణమును ఉపసంహరించెను. భూమి నాదే గదా యని వాదింపలేదు. హద్దు తెలిసినంతనే ఆగుట ఆనాటి రాజధర్మము.

అట్లని మన పూర్వులు వేటాడలేదనుట సత్యము కాదు. మనకు ఆమడల దూరములోనే యున్న కల్యాణినగరమున 12వ శతాబ్దిని ఏలిన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమను గ్రంథములో మృగయావినోదమును విపులముగ వర్ణించెను. మన ప్రబంధములలో వేట ఘట్టము లేనిది అరుదు. అల్లసాని పెద్దన మనుచరిత్రములో స్వరోచి వేటను చదివి ఆనందింపనివారెవరు? తిరుమలలోను అహోబిలములోను స్వామివారికే పారువేట ఉత్సవము జరుగుచున్నది. కావున వేట మన సంస్కృతిలో లేదని మేము చెప్పబోము. వేటాడు హక్కు ఎవరిది, దాని భారము ఎవరిపై పడినది యనుటయే మేము చర్చింపదలచినది.

అసఫ్‌జాహీ ప్రభువుల కాలమున ఈ ప్రశ్నకు సమాధానము స్పష్టము. మేలైన అడవులు శికారుగాహులు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1869 మొదలు 1911 వఱకు రాజ్యము చేసెను. ఆయన పులివేటలో ప్రసిద్ధుడు. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు వరంగల్లు ప్రాంతపు నెక్కొండ వద్ద పులిని చంపి నిలిచిన ఛాయాచిత్రము రాజా దీనదయాళు తీసినది. నేటికిని పుస్తకములలో కనబడుచున్నది. ఆ చిత్రమున దొర కలడు, దొరసాని కలదు, పులి కలదు. అడవిని చుట్టుముట్టి, తప్పెటలు మ్రోగించి, కేకలు వేయుచు పులిని తుపాకి యెదుటికి తోలిన పల్లెజనము ఆ కథలో పేరులేనివారు.

ఆ తోలుడు పని వెట్టిచాకిరిలో నొక భాగము. శికారుకు వచ్చిన అధికారికి కట్టెలు, పాలు, కోళ్ళు సమకూర్చుటయు, సామాను మోయుటయు, మృగమును తోలుటయు ఊరివారి నెత్తిన పడినవి. 1930లో మనకు పొరుగుననే యున్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. ఆ మహాసభోద్యమము వెట్టిచాకిరి నిర్మూలనమును తన ముఖ్యాశయములలో నొకటిగా చేసికొనెను. “తాతలు వేటాడిన గుట్ట” యని మనవారు చెప్పుకొనునప్పుడు, మన తాతలలో ననేకులు వేటాడినవారు కారనియు, వేటకు తోలబడినవారనియు మఱువరాదు.

1948 సెప్టెంబరు 17న నిజాము ప్రభుత్వము లొంగిపోయెను. తరువాత శికారుగాహుల గతి యేమయ్యెనో మన పాత మెదకు జిల్లాయే చెప్పుచున్నది. పోచారము అడవి నిజాము వేటవనము. 1916–1922 సంవత్సరముల నడుమ ఆలేరు వాగునకు కట్టవేయగా ఏర్పడిన చెఱువు పేరు దానికి వచ్చినది. 1952లో అది వన్యప్రాణుల అభయారణ్యమయ్యెను. కొండగొఱ్ఱెలు, కణుజులు, దుప్పులు, ఎలుగుగొడ్లు, చిఱుతలు అందు వసించుచున్నవి. అట్లే హైదరాబాదు చెంత వనస్థలిపురమున నిజాము కుటుంబపు వేటభూమి, మహావీరుని 2500వ నిర్వాణోత్సవ సందర్భమున 1975లో మహావీర్ హరిణ వనస్థలియై, 1994లో జాతీయోద్యానమయ్యెను. ఒకప్పుడు ఆ కంచె లోపలికి అడుగిడిన పేదవాడు శిక్షకు పాత్రుడు. నేడు వాని మనుమడు చీటి కొని, బిడ్డను భుజముపై నెత్తుకొని, కృష్ణజింకలను చూపించుచున్నాడు. మన మంజీరా నదిపై 1978లో ఏర్పడిన అభయారణ్యము మొసళ్ళకును, దూరదేశములనుండి వచ్చు కొంగలకును, బాతులకును నెలవు.

ఈ మార్పు కొన్నింటికి ఆలస్యముగ వచ్చినది. దక్కనులో మచ్చిక చేసిన చీతాలను బండ్లపై తీసికొనిపోయి కృష్ణజింకలపై విడుచుట రాజుల వినోదము. ఆ చీతా మన దేశమున నశించినదని 1952లో ప్రభుత్వము ప్రకటించెను. పోచారమునకు అభయము దొరకిన యేటనే చీతాకు కడపటి మాట పలుకబడినది. 2022 సెప్టెంబరు 17న నమీబియా దేశమునుండి 8 చీతాలను విమానమున తెచ్చి మధ్యప్రదేశపు కూనో వనమున విడువవలసి వచ్చెను. పోగొట్టుకొనుట ఎంత సులభమో, తిరిగి తెచ్చుకొనుట యెంత కష్టమో దీనివలన గ్రహింపవచ్చును.

ఇక మన ఊరి సంగతి. 1956 వఱకు నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థలో అది ఆంధ్రప్రదేశమున చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. కంగ్టికి అవతల కర్ణాటకము. “హద్దు దాటిన చట్టము వేఱు” అని కొందఱు చెప్పుదురు. ఇది వట్టిమాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇరుప్రక్కల నొక్కటే.

ఆ చట్టము మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సు నిచ్చెడిది. 1991లో ఆ లైసెన్సుల పద్ధతి రద్దయ్యెను. 2022లో సవరింపబడిన జాబితాల ప్రకారము అడవిపంది, కుందేలు సైతము రక్షణ క్రిందనే యున్నవి. ఇందు ముఖ్యముగ గమనింపవలసినది, ఈ నిషేధము అభయారణ్యమునకు మాత్రమే పరిమితము కాదు. గుట్టయైనను, బీడైనను, ఊరి ప్రకృతివనమైనను, తుదకు మన సొంత పట్టాచేనైనను వేట వేటయే. చంపుట మాత్రమే వేట కాదు. ఉచ్చు పన్నుట, వల వేయుట, విషము పెట్టుట, పక్షిగూటిని చెఱచుట, అందుకు యత్నించుట యన్నియు వేటయే. కృష్ణజింక, నెమలి వంటి మొదటి జాబితా జంతువులను చంపినను, అభయారణ్యమున వేటాడినను 3 మొదలు 7 సంవత్సరముల కారాగారము, 25,000 రూపాయలకు తక్కువగాని జుల్మానా. చచ్చిన మృగము సర్కారుది. వేటకు వాడిన బండియు, తుపాకియు సర్కారు పాలగును.

పోషకులైన పెద్దల గృహములకు సంబంధించిన మాటయు నొకటి కలదు. పాత దివాణములలో గోడలకు జింకకొమ్ములు, పులితోళ్ళు ఉండుట కలదు. వానికి యాజమాన్య పత్రము ఉండవలెను. వానిని అమ్మరాదు. వారసత్వముగ వచ్చినచో 90 దినములలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలుపవలెను. తాతగారి కొమ్ములు మనుమని మెడకు చుట్టుకొనకుండ ఈ జాగ్రత్త వహింతురు గాక.

ఇంతవఱకు విన్న రైతుసోదరుడు “అయ్యా, చట్టము మాకు చెప్పితిరి, పందికి ఎవరు చెప్పుదురు?” అని యడుగును. ఇది న్యాయమైన ప్రశ్న. ఆఱుగాలము కష్టించి పెంచిన మక్కచేను ఒక్కరాత్రిలో నేలమట్టమైనవాని దుఃఖమును గుర్తింపక జీవకారుణ్యమును బోధించుట మాకు సమ్మతము కాదు. చట్టముకూడ ఈ దుఃఖమును పూర్తిగా మఱవలేదు. మనుష్యుని ప్రాణమునకు ఆపద కలిగినప్పుడు సద్బుద్ధితో చేసిన ఆత్మరక్షణ నేరము కాదు. రెండవ జాబితాలోని అడవిపంది మొదలగునవి పైరును పాడుచేయునప్పుడు, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని వ్రాతమూలకముగ ఉత్తరువు ఈయవచ్చును. ఆ ఉత్తరువు కొఱకు ఒంటరి రైతు తిరుగుట కష్టము. సంఘము తిరిగిన సులభము. చేని చుట్టును కుసుమ, ఆముదము వేయుట మన నల్లరేగడికి తగిన ఉపాయమే. కుసుమ ముండ్లు పందికి గిట్టవు.

కాని ఒక్కపని మాత్రము చేయరాదని చేతులు జోడించి వేడుకొనుచున్నాము. చేనిచుట్టు కరెంటుతీగె పెట్టరాదు. దశరథుడు చీకటిలో శబ్దమును బట్టి బాణము వేసెను. ఏనుగనుకొన్నది మునికుమారుడయ్యెను. కంటితో చూడక చంపుటయే ఆయన చేసిన దోషము. దాని ఫలము వంశమంతయు ననుభవించెను. కరెంటుతీగెకు కన్నులు లేవు. తెల్లవాఱకముందు మోటరు పెట్టవచ్చిన పొరుగురైతును, మేకలవెంట వచ్చిన బాలుని అది పందినుండి వేఱుపఱచి చూడజాలదు. తెలంగాణమున ఇట్టి తీగెలకు మనుష్యులు బలియైన వార్తలు పలుమాఱు వినుచున్నాము. అట్టి మరణము సంభవించిన యెడల వ్యవహారము అడవిశాఖతో ఆగదు. రెండు కుటుంబములు కూలిపోవును.

పండుగనాటి యాచారము నొకటి చెప్పి ముగింతుము. దసరానాడు పాలపిట్టను చూచుట మనకు శుభము. అది తెలంగాణ రాష్ట్రపు పక్షి కూడ. అందుకై కొందఱు వలవేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరమున నుంచి రూపాయలకు దర్శనము చేయింతురు. ఇదియు చట్టము దృష్టిలో వేటయే. ఎగురు పిట్టను చూచుట శుభము గాని, కట్టివేసిన పిట్టను చూచిన శుభమెక్కడిది? ఆ రూపాయ యీయకుండుట మనచేతిలోని పని.

అమెరికా దేశమున 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయవనమున 1894 నాటి శాసనముచే వేట మానిపింపబడినది. ఆ దేశపు ఇతర ప్రభుత్వపు అడవులలో ఋతువునుబట్టి లైసెన్సుతో వేట నేటికిని కలదు. ఒక్కొక్క దేశము తన జనసంఖ్యను, అడవులను చూచుకొని హద్దు గీచుకొన్నది. మన అడవి చిన్నది, మన జనము పెద్దది. కావున మన హద్దు గట్టిదయ్యెను.

“సర్కారు గుట్ట ప్రజలది గదా” యను కుఱ్ఱవానికి మా సమాధానమిది. నాయనా, ఊరి చెఱువును ప్రజలదే. అట్లని ఎవరైన తన మడికి నీళ్ళు చాలలేదని కట్ట తెగగొట్టునా? అందఱిది గనుకనే ఒక్కనికి తెగగొట్టు హక్కు లేదు. నిజాము నాడు వేటకు హక్కుగలవాడు ఒక్కడుండెను, మిగిలినవారు వానికి తోలెడివారు. నేడు ఆ హక్కు ఎవరికిని లేదు. దొరకును లేదు, మనకును లేదు. ఆ కంచె మనలను వెలివేయుటకు వేసినది. ఈ కంచె మనము వేసికొన్నది. మనమే దానిని దాటినచో కంచె చేను మేసినట్లగును.

కావున కంగ్టి ప్రాంతపు మన శాఖాసభ్యులు ఊరూర ఈ సంగతి చదివి వినిపింపవలెననియు, పంట నష్టపోయిన రైతుల దరఖాస్తులను సంఘము పక్షమున వ్రాసి అధికారులకు అందింపవలెననియు, కరెంటుతీగెలు పెట్టబోమని పల్లెపల్లెలో పెద్దలు మాట తీసికొనవలెననియు కోరుచున్నాము. ఈ మూడు పనులకును పెద్ద ధనము అక్కఱలేదు. ఒక యింటి దీపము ఆఱకుండ నిలిచినను మా వ్రాత సార్థకమని తలంతుము.