ర్యామ్ ఓవర్‌క్లాకింగ్ పరీక్ష

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని ర్యామ్‌ను తయారీదారు చెప్పిన వేగం కంటే పైకి తీసుకెళ్లి, ఎక్కడిదాకా తప్పు చేయకుండా పనిచేస్తుందో తేల్చుకునే పద్ధతిని ర్యామ్ ఓవర్‌క్లాకింగ్ పరీక్ష అంటారు. ఇందులో వేగం పెంచడం చిన్న పని. కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్‌లో రెండు మూడు అంకెలు మారిస్తే అయిపోతుంది. ఆ వేగం నిలుస్తుందా లేదా అని చూడటమే అసలు పని. దానికి కనీసం ఒక రాత్రి కావాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు అయితే ఒక ఎండాకాలం కూడా దాటాలి. నల్లమల తూర్పు అంచున రాతినేలతో, తక్కువ వానలతో ఉన్న ఈ ప్రాంతంలో మే నెల వస్తే పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే. ర్యామ్ ఎంతదాకా పరుగెత్తగలదో నిర్ణయించే వాటిలో గది వేడి ముఖ్యమైనది. చల్లటి గదుల్లో చేసిన పరీక్షల ఫలితాలను చూసి ఇక్కడి కంప్యూటర్లకు అవే సెట్టింగులు పెట్టడం సరికాదు.

వేగం, ఆలస్యం

ర్యామ్ పెట్టె మీద కనిపించే 3200, 3600, 6000 అనే అంకెలు బదిలీల వేగాన్ని చెబుతాయి. 3200 అంటే సెకనుకు 320 కోట్ల బదిలీలు. గడియారం ఒక్కసారి కొట్టుకునేలోపు రెండు బదిలీలు జరుగుతాయి కనుక అసలు గడియారం వేగం 1600 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కో బదిలీలో 8 బైట్లు కదులుతాయి. అంటే ఒక ఛానెల్ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) మీద సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు ఛానెళ్లు ఉంటే 51.2 గిగాబైట్లు.

దీని పక్కనే సీఎల్ అనే మరో అంకె ఉంటుంది. అడిగిన సమాచారం బయటికి రావడానికి ఎన్ని గడియారపు కొట్టులు పడతాయో అది చెబుతుంది. 3200 వేగంలో సీఎల్16 అంటే 10 నానోసెకన్లు. 3600లో సీఎల్18 అన్నా అదే 10. అదే 3200లో సీఎల్22 అయితే 13.75కు పోతుంది. డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5లో 4800, సీఎల్40 ఉన్న ర్యామ్‌కు 16.67 నానోసెకన్లు పడితే, 6000, సీఎల్30 ఉన్నదానికి మళ్లీ 10 చాలు. వేగం అంకె ఒక్కదాన్నే చూసి కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

ఏ వేగం ప్రామాణికమో జెడెక్ అనే సంస్థ నిర్ణయిస్తుంది. డీడీఆర్4 ప్రమాణం 2012లోను, డీడీఆర్5 ప్రమాణం 2020లోను వచ్చాయి. డీడీఆర్4కు ఆ ప్రమాణంలో గరిష్ఠ వేగం 3200, వోల్టేజీ 1.2. డీడీఆర్5కు వోల్టేజీ 1.1. వీటికి మించిన వేగాలను కంపెనీలు ముందే పరీక్షించి ర్యామ్ మీదున్న చిన్న చిప్పులో రాసిపెడతాయి. ఇంటెల్ 2007లో తెచ్చిన ఎక్స్‌ఎంపీ, ఏఎండీ 2022లో తెచ్చిన ఎక్స్‌పో ఇలాంటి ప్రొఫైళ్లే. వీటిని ఆన్ చేయడాన్ని కూడా ఆ రెండు కంపెనీలు ఓవర్‌క్లాకింగ్‌గానే లెక్కిస్తాయి. ఆ ప్రొఫైల్ ఆన్ చేయకుండా, 3600 ర్యామ్ కొని 2133 దగ్గరో 2400 దగ్గరో ఏళ్ల తరబడి నడుపుతున్న కంప్యూటర్లు చాలా ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని వాడుకోకపోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

లోపలి చిప్పు ఎవరిది

ర్యామ్ మీద స్టిక్కర్ ఏ బ్రాండుదైనా లోపలి చిప్పులు ఎక్కువగా మూడు కంపెనీలవే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. డీడీఆర్4 కాలంలో శామ్‌సంగ్ బీ-డై అనే రకం చిప్పులకు ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లలో గొప్ప పేరు వచ్చింది. తక్కువ ధరలో మైక్రాన్ ఈ-డై బాగా పైకి వెళ్లేది. డీడీఆర్5కు వచ్చేసరికి ఆ పేరు హైనిక్స్‌కు దక్కింది. ఒకే బ్రాండు, ఒకే మోడల్ పేరుతో వేర్వేరు చిప్పులు రావడం కూడా ఉంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకే రోజు కొన్న రెండు పెట్టెల్లో కూడా ఒకే రకం చిప్పులు ఉంటాయన్న హామీ లేదు. అందుకే రెండు స్టిక్కులు ఒకేసారి కొంటుంటే ఒకే పెట్టెలో జతగా వచ్చేదే తీసుకోవాలి. విడివిడిగా కొన్నవి కలిసి పరుగెత్తకపోతే తప్పు దేనిదో తేల్చడం కష్టం.

పరీక్ష జరిగే తీరు

మొదట ఏమీ మార్చకుండా పరీక్షించాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. అసలు వేగంలోనే తప్పు చేసే ర్యామ్‌ను పైకి నెట్టి లాభం లేదు, వారంటీ కింద మార్చుకోవాలి. దీనికి మెమ్‌టెస్ట్86 ప్లస్ మంచి సాధనం. మెమ్‌టెస్ట్86 మూలరూపం 1994 నాటిది. ప్లస్ అనే శాఖ 2004లో విడిపోయి, 2022లో పూర్తిగా తిరగరాసిన ఆరో వెర్షన్‌గా వచ్చింది. దీన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, విండోస్ మొదలుకాకముందే నడుపుతారు. ర్యామ్ తప్పు చేస్తున్నప్పుడు విండోస్ నడిస్తే, ఆ తప్పు హార్డ్‌డిస్కులోని ఫైళ్ల మీదికి కూడా ఎక్కుతుంది. పరీక్షకు ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే చోటికి తీసి పెట్టుకోవాలనేది ఇందుకే.

ఆ తర్వాత టైమింగులను, అంటే సీఎల్ లాంటి ఆలస్యపు అంకెలను, వదులుగా ఉంచి వేగాన్ని మెట్టు మెట్టుగా పెంచుతారు. ఒక్కో మెట్టు దగ్గర అరగంటైనా పరీక్షించి పైకి వెళ్తారు. ఎర్రర్లు మొదలైన చోట ఒక మెట్టు దిగి, అప్పుడు సీఎల్ లాంటి టైమింగులను ఒక్కొక్కటిగా బిగిస్తారు. ఒకేసారి రెండు మారిస్తే ఏది చెడగొట్టిందో తెలియదు. చివర్లో రాత్రంతా నడిపే పరీక్ష ఉంటుంది. విండోస్‌లో టెస్ట్‌మెమ్5, కార్హూ ర్యామ్ టెస్ట్ వాడతారు. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద భారం పడాలంటే ప్రైమ్95, వై-క్రంచర్ నడుపుతారు. లినక్స్ వాడేవాళ్లకు గూగుల్ తయారుచేసిన స్ట్రెస్‌యాప్‌టెస్ట్ ఉంది.

ఎర్రర్ అంటే ఏమిటో ఒకసారి దగ్గరగా చూద్దాం. పరీక్ష ఒక చోట 11111111 అని రాస్తుంది. కాసేపటికి చదివితే 11111011 అని వస్తుంది. ఎనిమిది బిట్లలో ఒక్కటి తిరగబడింది, అంతే. కంప్యూటర్ హ్యాంగ్ కాదు, బ్లూ స్క్రీన్ రాదు, పాట ఆగదు. కానీ ఆ ఒక్క బిట్టు పెళ్లి వీడియో మిక్సింగ్ చేస్తున్న ఫైల్‌లో పడితే మధ్యలో ఒక ఫ్రేము చెడిపోతుంది, జిప్ ఫైల్‌లో పడితే ఆ జిప్ తెరుచుకోదు. ఇళ్లలో వాడే మామూలు డెస్క్‌టాప్‌లకు ఇలాంటి తప్పును పట్టి సరిచేసే ఈసీసీ ర్యామ్ ఉండదు. డీడీఆర్5 చిప్పు లోపల కొంత సరిచేసుకునే ఏర్పాటు ఉన్నా, చిప్పు నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగే తప్పును అది పట్టలేదు. గూగుల్ సర్వర్ల మీద జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కుల్లో తప్పులు కనిపించాయి. అవి ఓవర్‌క్లాక్ చేసినవి కావు. కాబట్టి ‘రాత్రంతా నడిస్తే ఒకే ఒక్క ఎర్రర్ వచ్చింది, పరవాలేదు’ అనే మాటకు ఈ పరీక్షలో చోటు లేదు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగు తప్పినట్టే.

వేడి

ప్రతి బిట్టు ఒక చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా ఉంటుంది. ఇప్పటి ర్యామ్‌కు పునాది అయిన ఈ అమరికకు ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంట్ పొందాడు. ఓటికుండలో నీళ్లలా ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది కనుక మళ్లీ మళ్లీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. డీడీఆర్4లో ప్రతి కెపాసిటర్‌నూ 64 మిల్లీసెకన్లకు ఒకసారి నింపాలి. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీసెకన్లకే నింపాలని ప్రమాణం చెబుతుంది, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ కారడం వేగవంతమవుతుంది.

ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లు వేగం కోసం ఈ రిఫ్రెష్‌నే తగ్గిస్తారు. రిఫ్రెష్ ఆదేశాల మధ్య వ్యవధి డీడీఆర్4లో 7.8 మైక్రోసెకన్లు. 3600 వేగంలో అది 14,040 కొట్టులు. బయోస్‌లో ఈ అంకెను 65,535 దాకా పెంచే వీలుంటుంది, అంటే 36 మైక్రోసెకన్లు దాటుతుంది. జనవరి రాత్రి చలిలో ఇది చక్కగా నిలుస్తుంది. గది వేడి 25 డిగ్రీల నుంచి 40కి చేరితే ర్యామ్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 45 దగ్గర ఉన్న స్టిక్కు 60కి పోతుంది. బీ-డై లాంటి మంచి చిప్పులే, వోల్టేజీ పెంచి టైమింగులు బిగించినప్పుడు, 50 డిగ్రీలు దాటాక ఎర్రర్లు ఇవ్వడం అందరికీ తెలిసిన విషయం. సంక్రాంతికి పెట్టిన సెట్టింగు మే నెలలో తప్పుతుంటే ర్యామ్ పాడైందని అనుకోనక్కర్లేదు. ముందుగా రిఫ్రెష్ వ్యవధిని మామూలు స్థాయికి తెచ్చి, తర్వాత వోల్టేజీని ఒక మెట్టు దించి చూడాలి.

స్టిక్కు ఎంత వేడెక్కిందో డీడీఆర్5లో ప్రతి స్టిక్కు మీదున్న సెన్సర్ చెబుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రామ్‌లో ఆ అంకె కనిపిస్తుంది. డీడీఆర్4లో కొన్నింటికే ఈ వసతి ఉంది. క్యాబినెట్ ఫిల్టర్లు దుమ్ముతో మూసుకుపోతే లోపలి వేడి ఇంకా పెరుగుతుంది కాబట్టి, పలకల కార్ఖానాల పొడి, ఎండాకాలపు దుమ్ము ఉండే మార్కాపురంలో ఫిల్టర్లను తరచూ దులపాలి.

ఇలా ఎండలోనూ నిలిచే సెట్టింగు వెతకడానికి పూర్తిగా వ్యతిరేకం రికార్డుల కోసం చేసే పోటీ. అక్కడ మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తారు. 2024లో డీడీఆర్5ను 12,000 దాటించారు. ఆ వేగం స్క్రీన్ షాట్ తీసేంతసేపు నిలిస్తే చాలు, రోజువారీ పనితో దానికి సంబంధం లేదు.

బోర్డు, ప్రాసెసర్ హద్దులు

ర్యామ్ ఎంత మంచిదైనా మదర్‌బోర్డు ఒప్పుకోకపోతే వేగం పెరగదు. ఆఫీసు కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించే ఇంటెల్ హెచ్610 బోర్డులు ర్యామ్ ఓవర్‌క్లాకింగ్‌ను అనుమతించవు. 2021లో వచ్చిన బీ560 నుంచి బీ వరుస బోర్డులకు ఆ వీలు వచ్చింది. ఏఎండీ రైజెన్ 5000 ప్రాసెసర్లలో లోపలి భాగాలను కలిపే ఫ్యాబ్రిక్ వేగం 1800 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఆగిపోతుంది, కాబట్టి 3600 అక్కడ సుఖమైన వేగం. రైజెన్ 7000కు 6000 అని ఏఎండీయే చెప్పింది. వాటిని దాటించి కంట్రోలర్‌ను సగం వేగానికి దించుకుంటే, అంకె పెరిగి పని నెమ్మదించే పరిస్థితి వస్తుంది.

వోల్టేజీ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. డీడీఆర్4 ప్రొఫైళ్లు ఎక్కువగా 1.35 వోల్టులు వాడతాయి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన తర్వాత, మెమరీ కంట్రోలర్‌కు అందే ఎస్ఓసీ వోల్టేజీ 1.3 దాటకుండా ఏఎండీ హద్దు పెట్టించింది. అంతకుముందటి బయోస్‌తో నడుస్తున్న బోర్డులను అప్‌డేట్ చేశాకే ఎక్స్‌పో ఆన్ చేయాలి. ఆ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే మొరాయించవచ్చు కాబట్టి యూపీఎస్ ఉన్నప్పుడే ఆ పని పెట్టుకోవాలి.

డీడీఆర్5 బోర్డులు కొత్త సెట్టింగుతో మొదటిసారి ఆన్ అయినప్పుడు ర్యామ్‌ను పట్టి చూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. కంగారుపడి స్విచ్ ఆపకూడదు. చాలాసేపటికీ రాకపోతే బోర్డు మీది జంపర్‌తోగాని, సీఆర్2032 బ్యాటరీని కాసేపు తీసిగాని పాత సెట్టింగులకు తిరిగి రావచ్చు.

ఎవరికి ప్రయోజనం

గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్లతో గేమ్స్ ఆడేవాళ్లకు ర్యామ్ వేగం స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే బొమ్మలు గీసే భాగం కూడా అదే ర్యామ్‌ను వాడుకుంటుంది. పెద్ద ఫైళ్లు కుదించే పనిలో, కొన్ని గేముల్లో కొంత లాభం ఉంటుంది. డీటీపీ, బిల్లింగ్, మీసేవ పనులకు తేడా కంటికి ఆనదు.

ఇక చిన్న ఊళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యేది ఒకే స్టిక్కుతో కట్టిన కంప్యూటర్. ఇలాంటిదానికి రెండో స్టిక్కు తగిలిస్తే 3200 ర్యామ్ అయితే దారి వెడల్పు 25.6 నుంచి 51.2 గిగాబైట్లకు, అంటే సరిగ్గా రెట్టింపుకు చేరుతుంది. ఏ ఓవర్‌క్లాకింగూ అంత ఇవ్వదు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఆ రెండు స్టిక్కులు సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి.

కాబట్టి మార్కాపురంలోనో గిద్దలూరులోనో కంప్యూటర్ మీద బతుకుతెరువు నడుపుకునేవాళ్లు రెండో స్టిక్కు వేయించుకుని, పెట్టె మీద రాసిన ప్రొఫైల్ ఆన్ చేసి, ఏప్రిల్ చివర్లో ఒక పగలూ ఒక రాత్రీ మెమ్‌టెస్ట్ నడపండి. ఎర్రర్ లేకపోతే అక్కడితో ఆగండి.