వయోజనుల డైపర్ల శోషణ శక్తి

వయోజనుల డైపరు ఎంత మూత్రాన్ని పీల్చుకొని, బయటకు రానీయకుండా పట్టి ఉంచగలదో దానిని ఆ డైపరు శోషణ శక్తి అంటారు. పక్షవాతం, మతిమరుపు వ్యాధి, వెన్నుపాము గాయాలు, ప్రోస్టేటు గ్రంథి శస్త్రచికిత్స మొదలైన కారణాల వలన మూత్రాన్ని ఆపుకోలేని పెద్దలు డైపర్లను వాడతారు. రాత్రి వేళ డైపరు కారినచో పక్కబట్టలు తడుస్తాయి, నిద్ర చెడుతుంది, చర్మం దెబ్బతింటుంది. సంరక్షకులకు శ్రమ పెరుగుతుంది. డైపరు శోషణ శక్తిని ఇంటి వద్ద కొంతవరకు పెంచుకోవచ్చు. అయితే శోషణ శక్తి చాలకపోవడం వలననే డైపరు కారుతుందని చెప్పలేము. అది శరీరానికి సరిగా అమరకపోయినా కారుతుంది. కనుక ముందుగా అసలు కారణాన్ని గుర్తించాలి.

నిర్మాణం

డైపరులో ముఖ్యంగా నాలుగు పొరలు ఉంటాయి.

1. చర్మానికి తగిలే పై పొర. ఇది సాధారణంగా పాలీప్రొపిలీన్‌తో చేసిన నేయని వస్త్రం. మూత్రాన్ని తనలో ఉంచుకోకుండా లోపలికి పంపుతుంది.
2. పంపిణీ పొర. ఒక్కసారిగా వచ్చిన ద్రవాన్ని డైపరు పొడవునా వ్యాపింపజేస్తుంది.
3. శోషక గర్భం. ఇందులో కలప గుజ్జు నుండి తీసిన దూది వంటి పీచు, సోడియం పాలీఅక్రిలేటు అనే పాలిమరు రేణువులు కలిసి ఉంటాయి.
4. తడి బయటకు రానీయని వెలుపలి పొర. ఇది సాధారణంగా పాలిథీన్‌తో తయారవుతుంది.

వీటితో పాటు తొడల వద్ద సాగే అంచులు, వాటికి లోపలి వైపున నిలువుగా లేచి ఉండే అడ్డు పట్టీలు, నడుము వద్ద అతికే పట్టీలు ఉంటాయి.

శోషించే విధానం

కలప పీచు ద్రవాన్ని త్వరగా పీల్చుకుంటుంది, కాని ఒత్తిడి కలిగితే తిరిగి వదిలివేస్తుంది. పాలిమరు రేణువులు నెమ్మదిగా పీల్చుకొని జెల్లుగా మారి, మనిషి కూర్చున్నా పడుకున్నా ద్రవాన్ని చాలావరకు పట్టి ఉంచుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 1960వ దశకంలో పిండిపదార్థం ఆధారంగా ఇటువంటి అతిశోషక పదార్థాన్ని రూపొందించారు. 1980వ దశకంలో అతిశోషక పాలిమర్ల వాడకం డైపర్లలో వ్యాపించింది.

సోడియం పాలీఅక్రిలేటు స్వేదన జలాన్ని తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకోగలదు. మూత్రంలో లవణాలు ఉన్నందున ఈ శక్తి బాగా తగ్గిపోతుంది. 0.9 శాతం ఉప్పునీటిలో అది సుమారు 30 నుండి 60 రెట్లు మాత్రమే ఉంటుంది. కావున రెండు రకాల డైపర్లను ఇంటి వద్ద మంచినీటితో పోల్చి చూస్తే తప్పు ఫలితం వస్తుంది. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి పోల్చడం మేలు.

కారణాన్ని గుర్తించడం

పొడి డైపరు బరువును, కారిన తరువాత అదే డైపరు బరువును ప్లాస్టిక్ సంచిలో ఉంచి తూచాలి. ఒక గ్రాము తేడాను సుమారు ఒక మిల్లీలీటరు మూత్రంగా లెక్కించవచ్చు. ఉదాహరణకు, పొడిగా 120 గ్రాములు ఉన్న డైపరు 420 గ్రాములైతే అది సుమారు 300 మిల్లీలీటర్లు పట్టి ఉంచినట్లు. తూచిన తరువాత డైపరును పరిచి తాకి చూడాలి. ముందు నుండి వెనుక వరకు ఉబ్బి ఉంటే శోషణ శక్తి చాలలేదని అర్థం. సగభాగం పొడిగా ఉండి ప్రక్కల నుండి కారి ఉంటే లోపం కొలతలోనో, తొడిగిన పద్ధతిలోనో ఉన్నది. అటువంటప్పుడు అదనపు మెత్తలు పెట్టినా ప్రయోజనం ఉండదు.

సరిగా తొడుగుట

నడుము, తుంటి చుట్టుకొలతలు తీసుకొని, వాటిలో పెద్దదానిని బట్టి పరిమాణాన్ని ఎంచుకోవాలి. పెద్ద డైపరు ఎక్కువ పీల్చుకుంటుందని వదులైనది కొంటే తొడల వద్ద సందు ఏర్పడి కారుతుంది. తొడిగే ముందు డైపరును నిలువుగా మడిచి విప్పితే అడ్డు పట్టీలు లేచి నిలుస్తాయి. ఈ పట్టీలు లోపలికి ముడుచుకుపోకుండా తొడల మడతలలో అమరాలి. పురుషులకు పురుషాంగం క్రిందికి ఉండేటట్లు చూడాలి.

శోషణ శక్తిని పెంచే పద్ధతులు

బూస్టర్ ప్యాడ్: ఇది డైపరు లోపల పెట్టే అదనపు మెత్త. దీని అడుగున ప్లాస్టిక్ పొర ఉండదు. అందువలన మెత్త నిండిన తరువాత మిగిలిన మూత్రం డైపరులోకి దిగుతుంది. దీనిని అడ్డు పట్టీల మధ్యనే ఉంచాలి. పురుషులకు కొంత ముందు వైపుగా, స్త్రీలకు మధ్య భాగంలో, వెల్లకిల పడుకొనే వారికి కొంత వెనుకకు పెట్టడం మంచిది.

నూలు గుడ్డ: పలుమార్లు ఉతికి మెత్తబడిన పాత పంచె లేదా నూలు చీర ముక్కను పొడవుగా మడిచి ఇదే విధంగా వాడవచ్చు. గంజి పెట్టిన గుడ్డ, బట్టలను మృదువుగా చేసే ద్రవాలలో ముంచిన గుడ్డ సరిగా పీల్చుకోవు. గుడ్డ తడిని చర్మానికి ఆనించి ఉంచుతుంది కనుక తరచుగా మార్చాలి.

లేపనాలు: పెట్రోలియం జెల్లీ వంటివి మందంగా రాస్తే పై పొరకు అంటుకొని, మూత్రం లోపలికి పోకుండా అడ్డుపడతాయి. పలుచగా రాస్తే చాలు.

చేయకూడనివి

* అడుగున ప్లాస్టిక్ ఉన్న శానిటరీ ప్యాడ్‌ను బూస్టరుగా వాడకూడదు. అది నిండగానే మూత్రం ప్రక్కలకు పొర్లుతుంది.
* ఒకదానిపై ఒకటి రెండు డైపర్లు తొడిగితే శోషణ శక్తి రెట్టింపు కాదు. లోపలి డైపరు ప్లాస్టిక్ పొర వలన మూత్రం వెలుపలి దానిలోకి చేరదు. వేడి, చెమట మాత్రం పెరుగుతాయి.
* డైపరును కోసి పాలిమరు రేణువులను విడిగా చల్లకూడదు. అవి ఉబ్బి చర్మానికి అంటుకుంటాయి. నేలపై పడితే కాలు జారుతుంది.
* డైపరు తడవకూడదని రోగికి నీరు తగ్గించకూడదు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, మలబద్ధకం కలుగుతుంది.

పరిమితులు

శోషణ శక్తి పెరిగినంత మాత్రాన డైపరును ఎక్కువ సేపు ఉంచవచ్చని భావించరాదు. తడిలో నానిన చర్మం బలహీనపడుతుంది. మూత్రంలోని యూరియా నుండి బాక్టీరియా వలన అమ్మోనియా ఏర్పడి చర్మానికి సహజంగా ఉండే ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది. మంచం పట్టిన వారిలో ఇది పడక పుండ్లకు దోహదం చేస్తుంది. మల విసర్జన జరిగితే డైపరు ఎంత పొడిగా ఉన్నా వెంటనే మార్చాలి. మార్చిన ప్రతిసారీ చర్మాన్ని మృదువుగా శుభ్రపరచి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి.

మూత్రం ఆపుకోలేకపోవడం వ్యాధి లక్షణమే కాని, వార్ధక్యంలో తప్పనిసరిగా వచ్చేది కాదు. అనేక సందర్భాలలో దీనికి చికిత్స ఉంది. కొందరికి కటి కండరాలను బలపరిచే కెగెల్ వ్యాయామాలు ఉపకరిస్తాయి. సమస్య హఠాత్తుగా మొదలైనా, మంట, జ్వరం, మూత్రంలో రక్తం, కాళ్ళలో బలహీనత కనిపించినా, మూత్రం పూర్తిగా రాక చుక్కలుగా కారుతున్నా డైపరు రకాన్ని మార్చి ఊరుకోకుండా వైద్యుని సంప్రదించాలి.