తగరము : కొన్ని పేర్లు, ఒక డబ్బా

హైదరాబాదులో జూబ్లీహిల్సు, ఫిలింనగరు ప్రాంతము లోహచరిత్రకారుడు పోవలసిన చోటుగా తోపదు. అచట గనియు లేదు, కొలిమియు లేదు. అయినను 1932 మొదలుకొని 2010 తరువాతి కొన్నియేండ్ల వఱకు తెలుగు చలనచిత్రము ఊరూర తిరిగినది విశేషముగా రేకుడబ్బాలలోనే. ఆ డబ్బాకు ‘టిన్ను’ అని వాడుక. ఈ పేరు నెపమున తగరము మన భాషలో నడచిన త్రోవను కొంత పరిశీలింతము.

టిన్నని పేరేకాని, డబ్బాలో తగరము మిక్కిలి స్వల్పము. ఇనుపరేకునకు ఇరువైపుల పూసిన పలుచని పూతయే అది. తూకమున నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించదు. ఇట్టి డబ్బాలలో ఆహారము నిలువచేయుటకు ఇంగ్లండులో పీటరు డ్యురాండు 1810లో హక్కుపత్రము పొందెను. రేకుడబ్బా యను మన మాటయే వస్తుతత్త్వమునకు దగ్గఱగా నున్నదని మా అభిప్రాయము.

తగరమునకు సంస్కృతమున త్రపువు, వంగము అని పేర్లు. యజుర్వేదములోని చమకము లోహములను పేర్కొనుచు త్రపువును సీసము ప్రక్కనే చెప్పినది. ‘కళాయి’ కథ వేఱు. అరబ్బీలో తగరమునకు ‘కలయీ’ అని పేరు. మలయా ద్వీపకల్పమందలి ‘కలహ్’ రేవునుండి తగరము వచ్చుచుండెనని అరబ్బు భూగోళకారులు వ్రాసిరి. ఆ రేవే 1025లో రాజేంద్రచోళుని నౌకాసైన్యము కొట్టిన కడారమని పలువురు పండితుల మతము. లోహము సముద్రముమీద వచ్చినది. పేరు పారసీకము, ఉర్దూల మీదుగా వచ్చినది. తెలుగువారి వంటయింటికి ఈ పూత అలంకారము కాదు. చింతపండు పులుసు రాగి యిత్తడులను తిని చిలుము పుట్టించును. కావున పాత్రను కాచి, నవాసాగరము చల్లి, కరగిన తగరమును దూదితో పులుముట ఆవశ్యకమయ్యెను. చారు కాచు సత్తుగిన్నె మఱియు చిత్రమైనది. తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును. నీరున్నంతవఱకు గిన్నె నిలుచును. చారింకినచో గిన్నెయే కరగిపోవును! నేడు కొన్ని తావుల అల్యూమినియమును గూడ సత్తనుచున్నారు. నిఘంటుకర్తలు ఈ అర్థవిపరిణామమును గమనింపవలసియున్నది.

రాగిలో తగరము చేరగా కంచు. గంటలకు వాడు కంచులో తగరము నూటికి ఇరువదిపాళ్ళ వఱకును, ఒక్కొక్కయెడ అంతకు పైగను ఉండును. ఆ మ్రోత దానివలననే. నటుని గొంతును కంచుకంఠమనుట ఊరకపోలేదు. 1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన నంది బహుమతులలో స్వర్ణ, రజత, కాంస్య, తామ్ర నందులుండెను. కాంస్యము తామ్రముకంటె ఒక మెట్టు పైనుండుటకు లోహశాస్త్రము చూపగల భేదము తగరమొక్కటే.

మరల డబ్బాకు వత్తము. వేయి అడుగుల రీలు పదునొకండు నిమిషములు నడచును. మూడుగంటల చిత్రమునకు పదునాఱు పదునేడు డబ్బాలు. అసిటేటు ఫిల్ము వేడికి, తేమకు చెడి, పుల్లని వెనిగరు వాసన విడుచును. పూత గీచుకొనిపోయినచోట ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. వెలుపలి తేమను ఆపగల తగరము లోపలి ఆమ్లమునకు చాలదు. పాత ప్రతులనుండి వెండి తీయుటకై వానిని నాశనము చేయుటయు జరిగినది. తొలి తెలుగు మాటల చిత్రమైన ‘భక్తప్రహ్లాద’ (1932) ప్రతి నేడు లభింపదు.

మూతపై అంటించిన చీటిని ఎవరును లెక్కచేయరు. త్రుప్పుడబ్బాతోపాటు అదియు పాతసామానుల బండికి పోవుచున్నది. తాళపత్రగ్రంథముల ఆశ్వాసాంతగద్యలకు మనమిచ్చు విలువ దానికిని ఈయవలెను. డబ్బాను పాఱవేయక తప్పనివారు చీటి నకలైనను తీసి యుంచుట మేలు. చిత్రముల పాఠచరిత్ర వ్రాయబూను పరిశోధకవిద్యార్థికి ఏ ప్రతి ఎన్ని రీళ్ళది, ఏ రీలు లోపించినది అను విషయము మొదట ఆ చీటియే చెప్పును.