టర్బో పెట్రోల్ కారు నడుపుతున్నారా? ట్యాంకులో క్లీనర్ పోసినా వాల్వ్‌లు శుభ్రం కావు.. కారణం ఇదే!

కారు సర్వీసింగ్‌కి ఇస్తే బిల్లులో 'ఫ్యూయల్ సిస్టమ్ క్లీనర్' అని ఒక లైను కనిపిస్తుంటుంది. ట్యాంకులో చిన్న డబ్బా పోస్తే ఇంజిన్ లోపలంతా శుభ్రమైపోతుందని చెబుతుంటారు. పాత తరం పెట్రోల్ ఇంజిన్లలో అది కొంతవరకు నిజమే. మీ కారులో ఉన్నది జీడీఐ, అంటే గ్యాసోలిన్ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే మాత్రం లెక్క వేరు.

హ్యుందాయ్, కియా టర్బో జీడీఐలు, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ టీఎస్ఐలు, మహీంద్రా టీజీడీఐలు ఈ రకమే. మన పెనుకొండ ప్లాంట్‌లో తయారై 2019లో వచ్చిన కియా సెల్టోస్‌లోనూ 1.4 లీటర్ టర్బో జీడీఐ ఉండేది. అయితే టర్బో అని రాసి ఉన్న ప్రతి కారూ జీడీఐ కాదు. టాటా నెక్సాన్ టర్బో పెట్రోల్ పాత పద్ధతిలోనే పనిచేస్తుంది. మీది ఏదో ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి.

అసలు తేడా ఎక్కడ?

మామూలు ఇంజిన్‌లో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్‌కి బయటే, గాలి వచ్చే దారిలో స్ప్రే అవుతుంది. ప్రెషర్ 3, 4 బార్ ఉంటే చాలు. జీడీఐలో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్ లోపలే ఉంటుంది. అక్కడి ఒత్తిడిని తట్టుకుని పెట్రోల్‌ని సన్నటి తుంపరగా కొట్టాలంటే 200 బార్ దాకా ప్రెషర్ కావాలి. కొన్నింట్లో 350 బార్. కారు టైరులో ఉండేది 2 బార్ పైచిలుకే!

లాభం ఏంటంటే, పెట్రోల్ సిలిండర్‌లోనే ఆవిరవుతూ అక్కడి వేడిని లాగేస్తుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే. దాంతో నాకింగ్ తగ్గుతుంది, చిన్న ఇంజిన్ నుంచే ఎక్కువ పవర్ తీయొచ్చు. హ్యుందాయ్ వెన్యూలో 1 లీటర్ ఇంజిన్ 120 పీఎస్ ఇచ్చింది ఇలాగే. నిజానికి ఇది కొత్త ఐడియా ఏమీ కాదు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లోనే ఉంది. ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో 1996లో మిత్సుబిషి మళ్లీ తెచ్చింది.

మరి మసి ఎందుకు పడుతుంది?

పాత ఇంజిన్‌లో పెట్రోల్ వాల్వ్ మీదుగా వెళ్తూ దాన్ని కడిగేస్తుంది. జీడీఐలో ఆ కడుగుడు లేదు. మరోవైపు ఇంజిన్ ఆయిల్ ఆవిరి మాత్రం గాలితో కలిసి అదే దారిలో వస్తుంది. వేడి వాల్వ్‌కి అంటుకుని గట్టి కార్బన్‌గా మారుతుంది. ట్యాంకులో పోసిన క్లీనర్ ఇంజెక్టర్‌కి ఉపయోగపడొచ్చు కానీ ఈ వాల్వ్ దాకా వెళ్లదు. ఈ తలనొప్పి లేకుండా టయోటా 2005 నుంచి కొన్ని ఇంజిన్లకు రెండు రకాల ఇంజెక్టర్లూ పెడుతోంది.

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కారు వణకడం, పికప్ తగ్గడం, మైలేజ్ పడిపోవడం దీని లక్షణాలు. స్పార్క్ ప్లగ్, కాయిల్ పాడైనా ఇవే కనిపిస్తాయి కాబట్టి ముందు అవి చూపించండి. కార్బన్ పేరు చెప్పి పెద్ద ఎస్టిమేట్ ఇస్తే, లోపలికి చిన్న కెమెరా పంపి వాల్వ్ చూపించమని అడగండి. గట్టిగా పేరుకుంటే వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయడమే సరైన మార్గం.

ఆయిల్ దగ్గర కక్కుర్తి వద్దు

ఈ ఇంజిన్లకు అసలు ప్రాణం ఆయిలే. తక్కువ ఆర్‌పీఎంలో బాగా తొక్కితే, స్పార్క్ ప్లగ్ మంట పెట్టకముందే పెట్రోల్ అంటుకునే ప్రమాదం టర్బో జీడీఐల్లో ఉంది. గట్టిగా జరిగితే పిస్టన్ పగలొచ్చు. దీన్ని తగ్గించేలా తయారైందే 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిల్. డబ్బా మీద ఆ అక్షరాలు ఉన్నాయా, గ్రేడ్ మాన్యువల్‌తో సరిపోతోందా చూడండి. మాన్యువల్ గేరు కారైతే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేరులో ఈడ్చకుండా ఒక గేరు దించండి.

రోజూ 2, 3 కిలోమీటర్లే తిప్పి ఆపేసే కార్లకు ఇంకో చిక్కుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక, మండని పెట్రోల్ కొంత ఆయిల్‌లోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది. నెలకోసారి డిప్‌స్టిక్ తీయండి. లెవల్ తగ్గాల్సింది పోయి పెరిగిందా, పెట్రోల్ వాసన వస్తోందా? కిలోమీటర్లు పూర్తి కాకపోయినా ఆయిల్ మార్పించేయండి.

బానెట్ తెరిస్తే టిక్ టిక్ శబ్దం వస్తుందని కొందరు కంగారు పడతారు. మామూలుగా అది ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు చేసే చప్పుడే. అయితే ఆ పంపు దగ్గరి పైపులను రోడ్డు పక్కన ఎవరితోనూ విప్పించొద్దు. ఇంజిన్ ఆపాక కూడా లోపల ప్రెషర్ ఉంటుంది, పెట్రోల్ చిమ్మితే మంటలు అంటుకోవచ్చు.