నురగ వెనుక పల్లె: ఓవిలే

పారిస్‌కు తూర్పున, మార్న్ నది లోయకు ఎదురుగా ఉన్న సుద్దరాతి కొండవాలుపై ఓవిలే అనే చిన్న పల్లె ఉంది. జనాభా వెయ్యికి లోపే. ఇళ్ల గుమ్మాలకు ఇనుప బొమ్మల పలకలు వేలాడుతూ ఆ ఇంటివారి వృత్తిని చెబుతుంటాయి. ఊరి చర్చిలో, నేలలో పరచిన నల్లరాతి పలక కింద దోమ్ పియేర్ పెరిన్యోన్ అనే సన్యాసి సమాధి ఉంది. బుడగలు పొంగే షాంపేన్‌ను కనిపెట్టినవాడిగా లోకం ఆయనను తలచుకుంటుంది. చరిత్ర మాత్రం అలా చెప్పదు.

ఓవిలే ప్రతిష్ఠ వైన్‌తో మొదలు కాలేదు. 7వ శతాబ్దంలో రాన్స్ బిషప్ నివార్ ఇక్కడ స్థాపించిన మఠం కాలక్రమంలో గొప్ప విద్యాకేంద్రమైంది. 9వ శతాబ్దపు తొలి భాగంలో ఈ మఠంలో తయారైన ‘ఎబ్బో సువార్తలు’ అనే చిత్రిత ప్రతి మధ్యయుగపు చిత్రకళకు మేలిమి నమూనా. అది నేడు పొరుగున ఉన్న ఎపెర్నే పట్టణ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అదే శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లి హెలీనా అవశేషాలు మఠానికి చేరడంతో యాత్రికుల రాక కూడా పెరిగింది.

పెరిన్యోన్ 1668లో ఇక్కడికి వచ్చి, మఠపు నిల్వలూ ఆదాయవ్యయాలూ చూసే బాధ్యత చేపట్టాడు. 1715లో మరణించే దాకా, 47 ఏళ్లపాటు, ఆ పని వదలలేదు. వేర్వేరు తోటల ద్రాక్షను మేళవించడం, నల్లద్రాక్షను మెల్లగా పిండి తేటరసం తీయడం వంటి పద్ధతులకు ఆయన మెరుగులు దిద్దాడు. అయితే బుడగలు ఆయన కోరుకున్నవి కావు. షాంపేన్ చలిసీమ. శీతకాలంలో ఈస్ట్ నిద్రాణమై, పులియడం సగంలో ఆగిపోతుంది. వసంతంలో వెచ్చదనం తగలగానే మళ్లీ మొదలై, సీసాలో వాయువు పుడుతుంది. బిరడాలు ఎగిరిపోయేవి, సీసాలు పగిలేవి. ఆనాటి వైన్ తయారీదారుల దృష్టిలో అది ఒక దోషం.

ఆ దోషాన్ని ముందుగా ఇష్టపడినవారిలో ఆంగ్లేయులున్నారు. బొగ్గు కొలిమిలో తయారైన వారి సీసాలు దృఢమైనవి, ఒత్తిడికి తట్టుకునేవి. వైన్‌లో చక్కెర కలిపి బుడగలు పుట్టించే వాడుకను క్రిస్టఫర్ మెరెట్ అనే ఆంగ్ల వైద్యుడు 1662లో లండన్‌లోని రాయల్ సొసైటీ ముందు వివరించాడు. అప్పటికి పెరిన్యోన్ ఓవిలేలో అడుగుపెట్టడానికి ఇంకా ఆరేళ్లుంది. 1728లో వైన్‌ను సీసాల్లో రవాణా చేయడానికి ఫ్రెంచి రాజాజ్ఞ అనుమతించాకనే షాంపేన్ వ్యాపారం ఊపందుకుంది.

మరి ఈ కథ ఎలా పుట్టింది? ఫ్రెంచి విప్లవంలో మఠం మూతపడింది. అందులో ఒకప్పుడు పనిచేసిన దోమ్ గ్రోసార్ 1821లో ఒక ఉత్తరం రాస్తూ, బుడగల రహస్యాన్ని పెరిన్యోనే కనుగొన్నాడన్నాడు. కూలిపోయిన మఠంపై అభిమానమే ఆ మాట అనిపించి ఉండవచ్చు. వ్యాపార సంస్థలకు మాత్రం అది వరమైంది. పారిశ్రామిక సరుకుకు పవిత్రమైన మూలపురుషుడు దొరికాడు. తాను నక్షత్రాలను రుచి చూస్తున్నానని ఆయన తోటి సన్యాసులను పిలిచాడన్న ముచ్చటను ప్రచారంలోకి తెచ్చింది 19వ శతాబ్దం చివరి ప్రకటనలే. 1936లో ఆయన పేరే ఒక ఖరీదైన షాంపేన్‌కు వాణిజ్యనామమైంది.

ఈ కథలో ద్రాక్షరైతుకు చోటు లేదు. 1911 జనవరిలో అదే రైతు వీధిలోకి వచ్చాడు. వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు, వరుసగా పంటనష్టాలు, వాటిపై కొందరు వ్యాపారులు బయటి ప్రాంతాల చవక వైన్‌ను తెచ్చి షాంపేన్ పేరుతో అమ్మడం రైతులను అప్పుల్లోకి నెట్టాయి. దామ్రీ, ఓవిలే గ్రామాల్లో జనం గోదాములపై పడి వైన్‌ను నేలపాలు చేశారు. ఏప్రిల్‌లో పొరుగున ఉన్న ఆయీలో వ్యాపార గృహాలు తగలబడ్డాయి. సైన్యం దిగింది. వారు అడిగింది ఒక్కటే: ఈ నేలపై పండినదానికే ఈ పేరు చెల్లాలి. ఆ తగవు వెంటనే తేలలేదు. మొదటి ప్రపంచయుద్ధం గడిచి, 1927 నాటి చట్టం వచ్చాక గాని షాంపేన్ ప్రాంతపు హద్దులు స్థిరపడలేదు.

2015లో యునెస్కో షాంపేన్ కొండవాళ్లను, నేలమాళిగలను, వ్యాపార గృహాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఓవిలే తోటలకూ అందులో స్థానం దక్కింది. పాత మఠపు ఆవరణ నేడు ఒక షాంపేన్ సంస్థ సొంత ఆస్తి. చర్చిలోకి మాత్రం ఎవరైనా వెళ్లవచ్చు. నల్లరాతి పలక దగ్గర నిలబడేవారు ఒక నేర్పరి గురించి, అర్ధ శతాబ్దపు ఓపిక గురించి తలచుకుంటే అది న్యాయమే. పెరిన్యోన్ కీర్తికి లేని బుడగలు జోడించనక్కరలేదు. బయటికి వచ్చాక కొండవాలు నిండా కనిపించే తీగల వరుసలు, ఆ పేరు కోసం 1911లో వీధికెక్కినవారి వారసత్వం.